కొత్త ఆటో ఏ ఇంధనంతో? లాభం ఎవరి చేతికి?

2025లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపల 65 వేల ఆటోలకు కొత్తగా అనుమతులిచ్చింది. వాటిలో కరెంటు బండ్లు 20 వేలు, సిఎన్‌జివి 10 వేలు, ఎల్‌పిజివి 10 వేలు, మార్పిడి చేసిన పాత బండ్లు 25 వేలు. ఇది పట్నం సంగతి కదా, రైతు కూలీల శీర్షికలో దీనితో పనేమిటని ఎవరైనా అడగవచ్చు.

పని ఉంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో ఆటోలు, క్యాబులు తోలేవారిలో చాలామంది పాలమూరు, నల్గొండ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లే. ఊళ్లో వాళ్ల అమ్మానాన్నలు ఇంకా కూలికి పోతూనే ఉన్నారు. బోరు ఎండి అప్పులపాలైనవాడు పట్నమొచ్చి బండికోసం మళ్లీ అప్పు చేస్తున్నాడు. కనుక ఏ బండి మేలన్నది మన ఇళ్ల ప్రశ్నే.

లెక్క చూద్దాం. కరెంటు ఆటో వంద కిలోమీటర్లు నడవడానికి సుమారు 8 యూనిట్లు కావాలి. యూనిట్ 10 రూపాయలనుకున్నా 80 రూపాయలు. సిఎన్‌జి ఆటోకు అదే దూరానికి 3 కిలోల గ్యాసు పడుతుంది. కిలో 95 చొప్పున వేసుకుంటే 285. రోజుకు 200 మిగులుతుంది. పైగా 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేస్తూ ప్రభుత్వం విధానం ప్రకటించింది. కాగితం మీద కరెంటు బండిదే గెలుపు.

కానీ బండి కాగితం మీద నడవదు. డ్రైవరు ఉండేది కిరాయి గదిలో. మీటరు ఇంటి ఓనరుది. రాత్రంతా ప్లగ్గు పెడతానంటే ఎందరు ఒప్పుకుంటారు? బయట ఛార్జింగు పెట్టిస్తే రేటు రెట్టింపు కావచ్చు, గిరాకీ ఉన్న వేళ గంటలు పోతాయి. పెద్ద కంపెనీల సెల్లార్లలో ఛార్జర్లున్నా అవి లోపలి కార్లకే. ఆటో గేటు బయటే ఆగాలి.

ఇక బ్యాటరీ సంగతి. గ్యారంటీ ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అదని రాసి ఉంటుంది. రోజుకు వంద కిలోమీటర్లు తోలేవాడు ఏడాదికి 30 వేలు దాటిస్తాడు. అతనికి ముందు ముగిసేది కిలోమీటర్లే. అప్పు తీరకముందే గ్యారంటీ తీరిపోతే మళ్లీ ఫైనాన్షియర్ గుమ్మం తొక్కాల్సిందే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, బండి నిలిచినా కిస్తీ నిలవదు.

గ్యాసు బండికి ఈ బెడద లేదు. నింపుకోవడం నిమిషాల పని. అయితే దేశానికి కావలసిన సహజవాయువులో దాదాపు సగం, ఎల్‌పిజిలో సగానికి పైగా దిగుమతే. ఎక్కడో యుద్ధమొస్తే ఇక్కడ మన జేబుకు చిల్లు.

పెట్రోలు బండి తోలేవారికి ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపినది పోస్తున్నారు. రైతు ఇంధనమని దీనికి పేరు పెట్టారు. ఇథనాల్ వేడి పెట్రోలులో మూడింట రెండు వంతులే గనుక మైలేజీ కొంత తగ్గుతుంది. మరి రైతుకేం ఒరిగింది? 2024-25లో వడ్ల మద్దతు ధర క్వింటాలు 2,300 రూపాయలు. 2025 జనవరిలో ఆహార సంస్థ బియ్యాన్ని డిస్టిలరీలకు క్వింటాలు 2,250కి ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. వడ్లకంటే బియ్యమే చౌక! నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీలు మాకొద్దని జనం రోడ్డెక్కింది నీళ్లు, గాలి పాడవుతాయన్న భయంతోనే.

కరెంటు బండి కూడా మచ్చలేనిది కాదు. మన కరెంటులో పెద్ద భాగం బొగ్గు కాల్చగా వచ్చేదే. కానీ బస్తీ గాలిలో దాని పొగ ఉండదు, మోటారు తక్కువ శక్తితో ఎక్కువ దూరం లాగుతుంది.

మా అభిప్రాయం ఇది. రాత్రిపూట ప్లగ్గు ఖాయంగా దొరికేవాడు, కిస్తీలు ముగిసేదాకా బ్యాటరీ గ్యారంటీ ఉంటుందని కిలోమీటర్ల లెక్కతో చూసుకున్నవాడు, బ్యాంకు అప్పు దొరికినవాడు కరెంటు బండి కొనవచ్చు. ఈ మూడింటిలో ఒక్కటి లేకున్నా సిఎన్‌జి బండే నయం. రోజుకు మిగిలే 200 వడ్డీకి పోయేటట్టయితే ఏ ఇంధనమైనా ఒకటే.

అందుకే డ్రైవర్లు, కూలీ సంఘాలు కలిసి అడగాల్సినవి మూడున్నాయి. అనుమతి తోలేవాడి పేరనే ఉండాలి, ఫైనాన్షియర్ చేతిలో కాదు. సహకార బ్యాంకులు తక్కువ వడ్డీకి అప్పివ్వాలి. రాయదుర్గం మెట్రో దగ్గర, మాదాపూర్, కొండాపూర్ అడ్డాల్లో ప్రభుత్వ స్థలంలో ఇంటి రేటుకే ఛార్జింగు పెట్టాలి. ఒకప్పుడు ఇవన్నీ పొలాలున్న ఊళ్లే. ఆ నేల మీద అద్దాల మేడలకు చోటు దొరికింది. నాలుగు ఆటోలు నిలిపి ప్లగ్గు పెట్టుకునే చోటు దొరకదా?