మతిమరుపుకి తాయెత్తు, చెవుడికి మౌనం

మా జంషెడ్‌పూర్‌లో హిందీవాళ్ళు ఒక మాట అంటారు: "సఠియా గయా". అరవై దాటింది, బుర్ర చెడింది అని దాని భావం. మన తెలుగువాళ్ళు "చాదస్తం" అని ఊరుకుంటారు. రెండింటి తాత్పర్యం ఒకటే: వయసొచ్చింది, మతి పోయింది, చేసేదేమీ లేదు. ఇది అబద్ధం. ఈ అబద్ధం మీదే తాయెత్తుల వ్యాపారం నడుస్తోంది.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో చేరిన అగస్ట్ డీటర్ అనే ఆవిడకి అప్పుడు 51 ఏళ్ళు. 1906లో ఆవిడ చనిపోయాక డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆ మెదడుని మైక్రోస్కోపు కింద పరీక్షించాడు. నరాల కణాల మధ్య గడ్డలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. గడ్డలది ఎమిలాయిడ్ అనే ప్రోటీన్, పోగులది టౌ అనే ప్రోటీన్ అని తర్వాత తేలింది. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ వయసే జబ్బు కాదు. 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో డిమెన్షియా ఉన్నది 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి. వయసే కారణమైతే మిగతా 92 శాతం మందికి ఎందుకు లేదు?

"పూజ చేయిస్తే, తాయెత్తు కడితే నీకేం నష్టం? వాళ్ళకి మనశ్శాంతి కదా" అని అడుగుతారు. నష్టం నాకు కాదు, రోగికి. మతిమరుపుతో వచ్చే ప్రతివాళ్ళదీ అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, డిప్రెషన్ వచ్చినా, తలకి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినా అచ్చం అలాగే కనిపించవచ్చు. వీటికి వైద్యం ఉంది. ఆలస్యం చేస్తే బి12 లోపం నరాలని శాశ్వతంగా దెబ్బతీస్తుంది. దిష్టి తీయించడానికి పోయిన ఆరు నెలలు ఏ దేవుడూ తిరిగి ఇవ్వడు.

పల్లెల్లో ప్రమాదం ఇంకా పెద్దది. ఈ జబ్బు వచ్చిన మనిషి రాత్రిపూట తిరుగుతుంది, చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడుతుంది, నా డబ్బు దొంగిలించారని పక్కింటివాళ్ళ మీద పడుతుంది. ఇవన్నీ జబ్బు లక్షణాలు. ఓఝాకి మాత్రం ఇవి దయ్యం లక్షణాలు. మా పక్క సరాయికేలా జిల్లాకి చెందిన ఛుట్నీ మహతోని 1995లో మంత్రగత్తె అని ముద్రవేసి హింసించారు. ఆవిడ ఎదిరించి నిలబడి, తనలాంటి ఆడవాళ్ళ కోసం పోరాడి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2001 నుంచీ జార్ఖండ్‌లో ఈ దురాచారానికి వ్యతిరేకంగా చట్టం ఉంది. నోరూ బుద్ధీ సవ్యంగా ఉన్న మనిషికే ఆ గతి పట్టిన చోట, తన పేరే మరిచిపోయిన ముసలమ్మ సంగతేమిటి?

పట్నంలో చదువుకున్నవాళ్ళు ఓఝా దగ్గరికి పోరు, జ్ఞాపకశక్తి టానిక్కులు కొంటారు. జింకో ఆకు సారం మతిమరుపుని ఆపుతుందని ప్రపంచమంతా అమ్మారు. మూడు వేల మందికి పైగా వృద్ధులతో ఏళ్ళ తరబడి అమెరికాలో పరీక్షించి, ఆపదని 2008లో తేల్చారు. మెదడు జబ్బులు మంత్రాలతో, కవచాలతో నయం చేస్తామని ప్రకటించడం 1954 చట్టం కిందే నేరం. టీవీ పెట్టి చూడండి, ఆ చట్టం ఎంత బాగా అమలవుతోందో తెలుస్తుంది.

మరి అల్లోపతి కంపెనీలు తక్కువ తిన్నాయా? లేదు. 2021లో అమెరికాలో గొడవల మధ్య అనుమతి పొందిన అడుకానుమాబ్‌ని 2024లో కంపెనీయే వదిలేసింది. 2023లో పూర్తి అనుమతి వచ్చిన లెకానెమాబ్ జబ్బుని ఆపదు, కాస్త నెమ్మదింపజేస్తుంది. ఏడాదిన్నర వాడితే 18 పాయింట్ల కొలబద్ద మీద వచ్చిన తేడా అర పాయింటు కన్నా తక్కువ. పైగా కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో బొమ్మలు మార్చారని తేలి 2024లో దాన్ని ఉపసంహరించారు. అయితే ఆ తప్పుని బయటపెట్టింది ఇంకో శాస్త్రవేత్తే. తన తాయెత్తు పనిచేయలేదని ఒప్పుకుని వెనక్కి తీసుకున్న బాబాని ఒక్కణ్ణి చూపించండి.

నయం చేసే మందు ఈరోజుకీ లేదు. డొనెపెజిల్ లాంటి బిళ్ళలు లక్షణాలని కొంతకాలం, కొంతమేర తగ్గిస్తాయి. కానీ చేయగలిగింది చాలా ఉంది. బి.పి., షుగర్, పొగతాగడం, చదువు లేకపోవడం, ఒంటరితనం, గాలి కాలుష్యం, వినికిడి లోపం వంటి 14 కారణాలని సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కగట్టింది.

అందులో వినికిడి లోపం మా ఊరికి ముఖ్యం. ఇది మిల్లుల ఊరు. శ్రీకాకుళం నుంచి వచ్చి, జీవితమంతా మోతలో పనిచేసి రిటైరైనవాళ్ళు మనలో ఎందరో. చెవి మిషన్ పెట్టుకోమంటే నామోషీ. కళ్ళజోడుకి లేని సిగ్గు దానికెందుకు? 2023లో ఫలితాలొచ్చిన మూడేళ్ళ పరీక్షలో, మొత్తం మీద చెవి మిషన్ వల్ల తేడా కనబడలేదు. డిమెన్షియా ముప్పు ఎక్కువున్నవాళ్ళలో మాత్రం బుద్ధి మందగించడం దాదాపు సగానికి తగ్గింది. అద్భుతం అని నేననను. తాయెత్తుకి ఈపాటి రుజువు కూడా లేదంటాను.

ఇంకో మాట. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులని పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురాని వాళ్ళలో కూడా. ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ, బజార్లో బెంగాలీ మాట్లాడిన మన పెద్దలకి ఇది మంచి కబురే. కానీ చెవి వినపడక నలుగురిలో కూర్చోవడం మానేస్తే ఎన్ని భాషలొచ్చినా ఎవరితో మాట్లాడతారు?

కాబట్టి మన తెలుగు సంఘాల పెద్దలకి నా సవాలు. ఏటా ఉత్సవాలకి చందాలు పోగుచేస్తారు కదా. అందులోంచి కొంత తీసి, బిష్టుపూర్ రామమందిరం ఆవరణలోనే ఒక్క ఆదివారం పెద్దవాళ్ళకి చెవి పరీక్ష, బి.పి., షుగర్, థైరాయిడ్, బి12 పరీక్షలు పెట్టించండి. నాస్తికుణ్ణే అయినా కుర్చీలు మోయడానికి నేనొస్తాను.