మామిడిపండు మీద నింద

ఎండాకాలంలో పిల్లవాడి ముక్కులోంచి రక్తం కారితే మన ఇళ్లలో విచారణ వంటింటి నుంచే మొదలవుతుంది. నిన్న ఏం తిన్నాడు? మామిడిపళ్లు ఎక్కువయ్యాయా, ఆదివారం కోడికూర పడలేదా, కొత్తావకాయ ముద్దలు లాగించాడా? ఏదో ఒకటి దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దొరక్కపోవడమే వింత. వేడి చేసిందని తీర్పు వచ్చేస్తుంది. సబ్జా గింజల నీళ్లో, పల్చటి మజ్జిగో తాగిస్తారు. మర్నాడు రక్తం రాదు. ఇక ఆ తీర్పుకు అప్పీలు లేదు.

మజ్జిగ తాగితే మంచిదే. కానీ ఈ విచారణలో అసలు ముద్దాయి తప్పించుకుంటున్నాడు.

ముక్కు రోజంతా చేసే చాకిరీ చూస్తే సంగతి కొంత బోధపడుతుంది. దాదాపు 10 వేల లీటర్ల గాలి రోజూ ఆ దారినే లోపలికి వెళుతుంది. బయట వీచేది వడగాలైనా, మాఘమాసపు తెల్లవారుజాము చలిగాలైనా ఊపిరితిత్తులకు చేరేసరికి ఒంటి వేడికి సరిపడా మారాలి, తడి పట్టాలి. ఆ పనంతా లోపలి పొర కిందున్న రక్తనాళాలది. గాలికి దగ్గరగా ఉంటేనే పని జరుగుతుంది కనుక అవి లోతున దాక్కోవు. రెండు రంధ్రాల మధ్య గోడ ముందు భాగంలో, సరిగ్గా చూపుడువేలి గోరు అందేచోట, నాలుగైదు ధమనుల కొసలు వచ్చి కలుసుకుంటాయి. ఈ చోటు గురించి అమెరికా వైద్యుడు లిటిల్ 1879లో, జర్మనీ వైద్యుడు కీసెల్‌బాక్ 1884లో రాశారు. వైద్య పుస్తకాల్లో ఇప్పటికీ ఇద్దరి పేర్లూ నడుస్తున్నాయి. ముక్కులోంచి రక్తం కారే సందర్భాల్లో దాదాపు 90 శాతం ముందు భాగానివే, వాటిలోనూ ఎక్కువ ఇక్కడివే. ఆ నాళాల మీద కప్పు ఉల్లిపొరంత.

పొడిగాలికి ఆ పొర ఎండి పగులుతుంది. పగిలినచోట చెక్కు కడుతుంది. చెక్కు కడితే దురద, దురద పెడితే వేలు. గోరు తగిలి చెక్కు లేచిందా, కింద నాళం తెరుచుకుంటుంది. పిల్లల్లో చాలాసార్లు జరిగేది ఇదే. నిద్రలో గోక్కుంటే పొద్దున దిండు గలీబు మీద మరక కనిపిస్తుంది. గోకిన సంగతి వాడికే తెలియదు, వాణ్ని అడిగి లాభం లేదు. జలుబు, అలర్జీ, విడవని తుమ్ములు, గట్టిగా చీదడం కూడా ఇదే పని చేస్తాయి. ఒక పక్క నుంచే, దుర్వాసనతో, చీముతో కలిసి రక్తం వస్తుంటే మాత్రం లోపల ఏ శనగగింజో, చింతగింజో, పూసో ఉందేమో చూపించాలి. బొమ్మల్లో వేసే బిళ్ల బ్యాటరీ అయితే గంటల్లోనే లోపలి గోడను కాల్చేస్తుంది, ఆలస్యం పనికిరాదు.

తిండి వేడే కారణమైతే న్యూజెర్సీలో, షికాగోలో జనవరి నెలలో మన పిల్లలకు ఈ బాధ ఎందుకు? బయట మంచు, ఇంట్లో రాత్రింబవళ్లు హీటరు. చలిదేశాల్లో ఈ కేసులు ఎక్కువగా ఆసుపత్రికి వచ్చేది చలికాలంలోనే. ఫోనులో అమ్మమ్మ మాత్రం చికెన్ తగ్గించమనే చెబుతుంది. రామగుండం వడగాలికీ ఆ హీటరు గాలికీ ఉన్న పోలిక పొడిదనం. మన ఏసీ గదులకూ ఆ గుణం ఉంది.

వేసవిలో ముక్కుపుటాలకు కాస్త నెయ్యి రాసే ముసలమ్మలు ఈ గుట్టు ఎప్పుడో పట్టారు. ఇప్పటి డాక్టర్లు వాజ్‌లైన్ రాయమంటారు, ఉప్పునీటి స్ప్రే కొట్టమంటారు. లోపల ఆరిపోకుండా చూడటమే రెంటి సారమూ. కాకపోతే రాయడం వేరు, చుక్కలుగా పోయడం వేరు. నూనె జారి ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక కొత్త తంటా. అన్నిటికంటే చవకైన మందు వారానికోసారి గోళ్లు తీయడం.

ఇక రక్తం కనబడగానే మన చేయి పిల్లవాడి గడ్డం కిందికి పోతుంది, తల వెనక్కి వంచేస్తాం. చొక్కా పాడవదు, రక్తం కళ్లపడదు, మన ప్రాణం కుదుటపడుతుంది. రక్తం ఆగలేదు, గొంతులోకి జారుతోంది. కాసేపటికి భళ్లున వాంతి, అందులో నల్లటి గడ్డలు. ఇంటిల్లిపాదికీ హడలు రెట్టింపు. వాణ్ని కూర్చోబెట్టి తల కాస్త ముందుకు వంచాలి. ముక్కు దూలం దగ్గర కాకుండా, కిందున్న మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టాలి. నోటితో గాలి పీల్చుకోమనాలి, నోట్లోకొచ్చింది ఉమ్మేయమనాలి. పది, పదిహేను నిమిషాలు వదలకూడదు. కష్టమంతా ఈ వదలకపోవడంలోనే ఉంది. ఆగిందో లేదోనని నిమిషానికోసారి వేళ్లు తీసి చూస్తే గడ్డకట్టబోయేది చెదిరి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గోడ గడియారం చూస్తూ పట్టుకోవడం మేలు. నెత్తిన చన్నీళ్లు, ఉల్లిపాయ వాసన చేసే చేటేమీ లేదు, మేలూ లేదు. చాలామట్టుకు రక్తం కాసేపట్లో తనంతట తానే ఆగుతుంది, ఆగే వేళకు మన చేతిలో ఏముంటే దానికి పేరొస్తుంది.

భయం ఇంతగా పెరగడంలో మన సినిమాలకూ వాటా ఉంది. తెర మీద ముక్కులోంచి రెండు చుక్కలు రాలితే శుభం కార్డు దాకా హీరో బతకడని ప్రేక్షకుడికి తెలిసిపోయేది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతే ముక్కు నుంచి రక్తం రావడం నిజమే. డెంగీలోనూ రావచ్చు, బ్లడ్ క్యాన్సర్‌లోనూ రావచ్చు. అయితే ఆ జబ్బులు ఒక్క ముక్కుతో సరిపెట్టుకునేవి అరుదు. జ్వరమో, చిగుళ్ల నుంచి రక్తమో, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలో తోడుంటాయి. అవి కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించాలి. ఒట్టి ముక్కే అయితే బెంబేలు పడనక్కర్లేదు.

పెద్ద వయసువారి సంగతి వేరు. వారికి ముక్కు వెనక భాగంలో నాళం తెగే అవకాశం ఎక్కువ, అది ముందు నొక్కినంత మాత్రాన ఆగదు. ఇలాంటప్పుడు చూడవచ్చిన చుట్టాలు ఒక మాట అంటుంటారు, బీపీ ముక్కులోంచి పోయింది కనుక సరిపోయింది, లేకపోతే మెదడులో నరం చిట్లేదని. ప్రేమతో చెప్పే ధైర్యమే, కాదనలేం. కానీ ముక్కులో పోయిన రక్తానికీ మెదడు క్షేమానికీ లంకె లేదు. బీపీ వల్లే ముక్కు నాళాలు తెగుతాయా అన్నది వైద్యుల్లోనే తేలని వాదం. కంగారుకు కూడా బీపీ పెరుగుతుంది, పెరిగితే రక్తం ఆగడం కష్టమవుతుంది.

మందుల సంగతి మాత్రం తేలిందే. స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు, గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ వేసుకునేవారు ఇప్పుడు వీధికొకరున్నారు. రక్తం తొందరగా గడ్డకట్టకుండా చూడటమే ఆ మాత్రల పని, ఆ సంగతి ముక్కుకూ తెలుస్తుంది. భయపడి వాటిని సొంతంగా ఆపేస్తే స్టెంటో, కవాటమో గడ్డలతో మూసుకుపోవచ్చు. అరగంట గట్టిగా పట్టుకున్నా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. రక్తం వచ్చేచోటును సిల్వర్ నైట్రేట్‌తో మూయడమో, లోపల గుడ్డ కుక్కి ఉంచడమో చేస్తారు. దానికి ముందు అడిగేది ఏ మందులు వాడుతున్నారని. రాత్రిపూట ఒక తెల్ల మాత్ర అన్న జవాబు అక్కడ పనికిరాదు. ఎంత హడావిడిలోనైనా మందుల చీటీ, మాత్రల సంచి వెంట తీసుకెళ్లాలి.