జపాను దీర్ఘాయువు వెనుక మంత్రమేమీ లేదు

జపానును దూరం నుంచి ఆరాధించేవారికి ఆ దేశం ఒక వింతల పెట్టె. మరుగుదొడ్డికి వేరే చెప్పులు, తరగతి గదిని తామే శుభ్రం చేసుకునే పిల్లలు, జలుబు చేస్తే ఎదుటివారికి అంటకుండా మాస్కు కట్టుకునే మర్యాద. ఇవన్నీ నిజాలే, మెచ్చదగినవే. ఈ మోజు కొత్తదీ కాదు. 1890లో అక్కడికి వెళ్లిన లాఫ్కాడియో హెర్న్ కొయిజుమి యకుమోగా పేరు మార్చుకుని అక్కడి పౌరుడే అయ్యాడు. ఆ అభిమానంతో నాకు పేచీ లేదు. అది వైద్య సలహా వేషం కట్టి మన ఫోన్లలోకి చొరబడటంతోనే నా పేచీ.

"జపాను జల చికిత్స" సందేశాన్ని చూడని తెలుగు ఇల్లు అరుదు. పళ్లు తోముకోకముందే నాలుగు గ్లాసుల నీళ్లు తాగితే క్షయ, మధుమేహం, చివరకు క్యాన్సరు కూడా నయమవుతాయని దాని సారాంశం. ఈ మాటలకు శాస్త్రీయ ఆధారం లేదు. నీళ్లు మంచివే. కాని గుండె బలహీనపడినవారికి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి వైద్యులు నీటిని కొలిచి ఇస్తారు. వారు ఈ సలహా పాటిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. క్షయ రోగి దీన్ని నమ్మి మందులు మానితే ఇంటిల్లిపాదికీ ముప్పే.

తక్కిన "జపాను రహస్యాలు" కూడా ఇటువంటివే. రోజుకు పదివేల అడుగులన్న అంకె వైద్య పరిశోధనలో పుట్టలేదు. 1965లో అక్కడి ఒక సంస్థ అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరు పేరు అది. నడక మేలే, ఆ అంకె మాత్రం శిలాశాసనం కాదు. "ఇకిగాయ్" పేరిట చూపించే నాలుగు వలయాల బొమ్మ జపానుది కానే కాదు, పాశ్చాత్యులు అతికించినది. ఆ మాటపై 1966లో గ్రంథం రాసిన మానసిక వైద్యురాలు మియెకో కమియా కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. సర్వం కోల్పోయిన మనిషికి బ్రతుకుపై ఆశ ఎలా నిలుస్తుందన్నది ఆమె ప్రశ్న. ఉద్యోగం ఎంచుకోవడానికి అదొక చిట్కా కాదు.

ఒక్క సంగతి ఆలోచించండి. 1947లో జపాను పురుషుల సగటు ఆయుర్దాయం సుమారు 50 ఏళ్లు, స్త్రీలది 54. అప్పుడూ వారు గ్రీన్ టీ తాగారు, చేపలు తిన్నారు. మరి ఆయువు ఎందుకు పెరగలేదు? 1950 వరకు అక్కడ అత్యధిక మరణాలకు కారణం క్షయ. ఆ తరువాత మూడు దశాబ్దాలు పక్షవాతం. వీటిని జయించినది సంస్కృతి మహిమ కాదు. మందులు, రక్తపోటు పరీక్షలు, 1954 నాటి పాఠశాల భోజన చట్టం, 1961 నాటికి ప్రజలందరికీ అందిన ఆరోగ్య బీమా.

నగానో ప్రాంతం కథ మరీ విలువైనది. తొషికాజు వకత్సుకి అనే వైద్యుడు 1945 నుంచి అక్కడి సాకు ఆసుపత్రిలో పనిచేస్తూ, పల్లెలకు వెళ్లి నాటకాలాడి మరీ ఆరోగ్యం బోధించారు. ఊరందరికీ ఏటా పరీక్షలు జరిపించారు. 1976లో ఆయనకు మెగసెసే పురస్కారం లభించింది. 1980లలో ఆ ప్రాంతంలో ఉప్పు తగ్గించే ఉద్యమం ఇంటింటికీ వెళ్లింది. 1990 లెక్కల్లో పురుషుల ఆయుర్దాయంలో నగానోదే ప్రథమ స్థానం.

దీనికి ఎదురు సాక్ష్యం ఒకినావా. దీర్ఘాయువుకు పుట్టిల్లని పొగిడే ఆ దీవుల పురుషులు 2000 నాటికి 47 ప్రాంతాల్లో 26వ స్థానానికి జారారు. కొవ్వు తిండి, కారు ప్రయాణం పెరిగాక సంప్రదాయం కాపాడలేదు. అతిపనితో చావడానికి "కరోషి" అనే మాట ఉన్నదీ, దాని నివారణకు 2014లో చట్టం అవసరమైనదీ ఆ దేశంలోనే.

కనుక జపాను నుంచి నేర్చుకోదలిస్తే అది చేసిన పనిని నేర్చుకోండి. ఊరగాయ, అప్పడం, ఉప్పుమిరపకాయ ఒకే విస్తరిలో వడ్డించుకునే మనకు రోజుకు 5 గ్రాముల ఉప్పు చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట చేదుగానే ఉంటుంది. జపాను వారు నేటికీ దానికి రెట్టింపు తింటున్నారు. వారి పోరాటమూ ముగియలేదు. ముప్పై దాటినవారు ఏడాదికొకసారైనా రక్తపోటు చూపించుకోండి. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు మాత్రలు నెలనెలా అందుతున్నాయో లేదో అడగండి, అందకపోతే నిలదీయండి. జల చికిత్స సందేశం మళ్లీ వస్తే అక్కడే ఆపి, పంపినవారికి ఈ మాట చెప్పండి.