జెల్డా ఎవరింట్లో ఆడారు?

నింటెండో పాత ఎనిమిది బిట్ల డబ్బా మీద 'తప్పక ఆడాల్సిన ఆటలు' అంటూ ఎవరు జాబితా వేసినా వరస ఒకటే: జెల్డా, మెట్రాయిడ్, మెగా మ్యాన్ 2, ఫైనల్ ఫాంటసీ. ఈ మధ్య తెలుగులో నేను చూసిన వీడియోల్లోనూ అదే వరస. చెప్పేవాళ్ళు చాలావరకు నా ఈడువాళ్ళే. వాళ్ళని ఒకటే అడగాలనుంది: ఇవన్నీ మీరు ఎవరింట్లో ఆడారు?

నేను ఆడింది డోర్నకల్లో, ఖమ్మంలో కొన్న నకిలీ డబ్బా మీద. మాకది 'టీవీ గేమ్'. అసలుది 1983లో జపాన్‌లో ఫామికామ్ పేరుతో వచ్చింది, 2003లో నింటెండో దాని తయారీ పూర్తిగా ఆపేసింది. ఆ సంగతి మా వీధికి తెలీదు, అక్కడ అప్పుడే జోరు మీదుంది. క్యాసెట్ మీద 9999999 ఆటలని ఉండేది (కార్ట్రిడ్జ్ అన్న మాట ఇంజనీరింగ్‌లో విన్నాను). లెక్కపెడితే పాతిక, ముప్ఫై. మిగతావన్నీ అవే, ఇంకో స్టేజి నుంచో, ఎక్కువ లైఫులతోనో.

అందులో జెల్డా లేదు. సైజు పట్టలేదేమో అనుకునేవాణ్ణి. కానీ అమెరికాలో వచ్చిన కాంట్రా 128 కిలోబైట్లు, జెల్డా కూడా అంతే. తేడా ఏంటంటే, ఎక్కడిదాకా ఆడామో గుర్తుంచుకోవడానికి జెల్డా క్యాసెట్లో చిన్న బ్యాటరీ ఉంటుంది. ఆ ఆట రోజుల తరబడి సాగుతుంది. ఒక్కరే ఆడాలి. ఇంగ్లీషులో వచ్చే సూచనలు చదువుకోవాలి. మా దగ్గరున్నవి వేరు: ఆదివారం సినిమా మొదలయ్యేలోపు ఒక గంట, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు, నలుగురు పిల్లలు, రెండు జాయ్‌స్టిక్‌లు. జాబితా వేసినవాళ్ళు ఆటని చూశారు, ఆడే గదిని చూళ్ళేదు.

ఆ గదిలో మారియో కూడా కష్టమే. ఇద్దరాడితే వంతులు. ఆట వచ్చినోడు పావుగంట ఆడతాడు, చిన్నోడు మొదటి పుట్టగొడుగుకే చచ్చి మళ్ళీ కూర్చుంటాడు. కాంట్రా అలా కాదు, ఇద్దరూ ఒకేసారి. జలపాతం స్టేజిలో ఒకడు తొందరపడి పైకెక్కితే తెర కూడా పైకి జరుగుతుంది, కింద మిగిలినోడు చస్తాడు. "అరేయ్, ఆగమన్న కదరా!" అన్న అరుపు ఏ జాబితాలోకీ ఎక్కదు.

నంబర్ వన్ మాత్రం బ్యాటిల్ సిటీ, మా భాషలో ట్యాంకుల ఆట. నామ్కో వాళ్ళది, 1985. ఆ రోజుల్లో అమెరికాలో క్యాసెట్‌గా విడుదలే కాలేదు. కాబట్టి వాళ్ళ జాబితాలో లేకపోవడం వాళ్ళ తప్పు కాదు. మన జాబితాలో లేకపోవడం మాత్రం మన తప్పే. 24 కిలోబైట్లలో ఎంత నాటకం పెట్టారో చూడండి: ఇద్దరిదీ ఒకే జట్టు, కాపాడాల్సింది ఒకే గద్ద బొమ్మ. అయినా నా గుండు మా అన్నకి తగిలితే అన్న కాసేపు కదల్లేడు. నేనే గద్దని పేల్చేస్తే ఇద్దరికీ ఆట అయిపోయినట్టే. పొరపాటున పేల్చానా, కావాలనా అన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.

పుస్తకాల దగ్గరా మనం చేసేది ఇదే. అద్దె షాపులో షాడో నవలలు తెచ్చుకుని చదివినవాళ్ళం, 'నన్ను మార్చిన పది పుస్తకాలు' అనగానే మధుబాబు పేరు మింగేసి కాఫ్కాతో మొదలుపెడతాం. నేనూ తక్కువ తినలేదు. హాస్టల్లో ఎమ్యులేటర్ మీద జెల్డా పెట్టి, గంటకే విసుగొచ్చి, బయటికొచ్చి 'మాస్టర్‌పీస్' అన్నాను. ముప్ఫై దాటాక, సొంత గదీ ఇన్వర్టరూ వచ్చాక, పూర్తి చేశాను. నిజంగానే గొప్ప ఆట.

దొంగ క్యాసెట్లకి దండ వెయ్యమనడం లేదు. మేం పెట్టిన డబ్బుల్లో ఆ ఆటలు చేసినవాళ్ళకి పైసా చేరలేదు. అది వేరే తగువు, అందులో నేను ముద్దాయిని.

ఎవరైనా అడిగితే నేను ట్యాంకుల ఆటే చెప్తాను, అదీ పక్కన ఇంకొకరు ఉంటేనే. మెనూలో కన్‌స్ట్రక్షన్ అని ఉంటుంది, మ్యాపు మనమే కట్టుకోవచ్చు. కొత్తగూడెం లైను చీలే చోటుతో సహా మా జంక్షన్ మొత్తం ఇటుకలతో కట్టేవాళ్ళం. సేవ్ చేసే వీల్లేదు. కరెంటు పోయేది. వచ్చాక, పట్టాలు ఎటు తిప్పాలో మళ్ళీ కొట్టుకుంటూ మొదట్నుంచీ కట్టేవాళ్ళం.