స్వధర్మమూ, పదిహేనేళ్ల జిజ్ఞాసువూ

పదవ తరగతి ఫలితాలు వెలువడే ఏప్రిల్ మాసాంతానికీ, ఇంటర్మీడియెట్ తరగతులు ఆరంభమయ్యే జూన్ మాసానికీ నడుమ తెలుగు గృహాలలో ఒక మహానిర్ణయం జరుగుతుంది. అనేక గృహాలలో అది ఫలితాలకు పూర్వమే, కళాశాల పీఆర్ఓ ఇంటికి వచ్చి రుసుములో రాయితీ ప్రకటించిన సాయంకాలమే ముగిసిపోతుంది. ఎంపీసీయా, బైపీసీయా అన్నంతవరకే విచారణ. రానున్న నలభై సంవత్సరాల జీవనం ఎవరిదో ఆ బాలుడు, ఆ బాలిక ఆ సంభాషణలో శ్రోతలు మాత్రమే. ఎప్పుడైనా ఆ శ్రోత నోరు విప్పి "నాకు చరిత్ర ఇష్టం" అనో, "నేను వ్యవసాయం చదువుతాను" అనో పలికితే, ధార్మిక కుటుంబాలలో ఒక ప్రమాణవాక్యం సిద్ధంగా ఉంటుంది: స్వధర్మాన్ని విడువరాదని గీతాచార్యుడు చెప్పలేదా?

చెప్పినమాట నిజమే. తృతీయాధ్యాయంలో ఒకసారి, అష్టాదశాధ్యాయంలో మరొకసారి, గుణహీనమైనా స్వధర్మమే శ్రేయస్కరమని భగవానుడు ఉపదేశించాడు. కానీ ఆ రెండు స్థలాలలోనూ ఆ ఉపదేశానికి ముందో వెనుకో ఉన్న పదం గృహచర్చలలో వినిపించదు. ఆ పదం స్వభావం. అష్టాదశాధ్యాయంలోని శ్లోకం స్వభావనియతమైన కర్మను గూర్చియే మాట్లాడుతుంది. తృతీయాధ్యాయంలో స్వధర్మ ప్రస్తావనకు రెండు శ్లోకాల ముందు, జ్ఞాని సైతం తన ప్రకృతికి అనుగుణంగానే ప్రవర్తిస్తాడనీ, నిగ్రహం అక్కడ ఏమీ చేయజాలదనీ స్పష్టంగా ఉన్నది. అనగా స్వధర్మ నిర్ణయానికి స్వభావ పరిశీలన పూర్వాంగం. పూర్వాంగాన్ని విడిచి శ్లోకార్ధాన్ని మాత్రం పిల్లవాని ముందుంచడం శాస్త్రవినియోగం కాదు, శాస్త్రాన్ని దండంగా వాడుకోవడం.

ఇక్కడ ఒక ఆక్షేపం న్యాయంగా రావలసినదే. పూర్వాచార్యుల భాష్యాలలో స్వధర్మమంటే వర్ణాశ్రమ విహితకర్మ కదా, దానిని ఆధునిక వృత్తి ఎంపికకు అన్వయించడం సాహసం కాదా? సాహసమే. అయితే ఆ సాహసం ఏనాడో జరిగిపోయింది. పౌరోహిత్యాన్ని, సేద్యాన్ని, మగ్గాన్ని, వర్తకాన్ని విడిచి కుమారుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పంపదలచిన తండ్రి ఆ భాష్యమార్గాన్ని తానే దాటివచ్చాడు. దాటివచ్చినవాడు, కుమారుడు న్యాయశాస్త్రం చదువుతానన్నప్పుడు మాత్రమే ఆ శ్లోకాన్ని స్మరించడం ఏ మీమాంసకూ నిలువదు. పరంపరాగత వృత్తిని కాదన్న తరువాత మిగిలే ఆధారం స్వభావమొక్కటే. ఆ ఆధారాన్ని పరిశీలించే శ్రమ పెద్దలది.

కళాశాలల స్వాగతసభలలో ద్రోణాచార్యుని పక్షిపరీక్ష కథ విధిగా వినిపిస్తుంది. అర్జునునికి పక్షి శిరస్సు తప్ప మరేదీ కనిపించలేదు కనుక, విద్యార్థికి ర్యాంకు తప్ప మరేదీ కనిపించరాదని తాత్పర్యం చెబుతారు. ఆదిపర్వంలో ఆ పరీక్షకు కొద్దిగా ముందే ఉన్న ప్రసంగాన్ని ఎవరూ చెప్పరు. భీమదుర్యోధనులు గదలో, నకులసహదేవులు ఖడ్గంలో, ధర్మరాజు రథయుద్ధంలో, అశ్వత్థామ అస్త్రరహస్యాలలో ప్రావీణ్యం పొందారని అక్కడ ఉన్నది. ఒకే గురువు, ఒకే శిక్షణశాల. ఆయుధాలు మాత్రం వేరు. భీమునికి ధనుస్సు ఇచ్చి, పక్షి శిరస్సు చూడలేదని నిందించి, గదను చేతికి ఇవ్వకుండా ఉండి ఉంటే కురుక్షేత్రం ఏమయ్యేదో ఊహించవచ్చు. ఏకాగ్రత ఆయుధం లభించిన తరువాతి విషయం. (అదే ద్రోణుడు ఏకలవ్యుని విషయంలో ఏమి చేశాడో మహాభారతం దాచలేదు. ఎవరికి ద్వారం తెరవాలో జన్మను బట్టి నిర్ణయించినప్పుడు గురువు సైతం అంగుష్ఠం అడిగే స్థితికి దిగజారుతాడు.)

మరి పరిశీలన ఎట్లా? దీనికి వేదాంతులకు నిత్యపరిచితమైన ఒక పద్ధతి ఉన్నది. ఏ శాస్త్రగ్రంథాన్ని ఆరంభించినా ముందుగా అనుబంధ చతుష్టయాన్ని చెప్పడం సంప్రదాయం. సదానందుని వేదాంతసారం ఆ నాలుగింటినే మొదట నిరూపిస్తుంది: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. ఈ గ్రంథం ఎవరికి? దేనిని గూర్చి? ఆ విషయానికీ ఈ గ్రంథానికీ గల సంబంధమేమి? చదివితే లభించేదేమి? ఈ నాలుగు తెలియనిదే బుద్ధిమంతుడు ప్రవర్తించడని పెద్దల అభిప్రాయం. ఆత్మవిద్యకే ఇంత విచారణ అవసరమైతే, లక్షల రూపాయల వ్యయంతో, యౌవనంలోని అమూల్య వత్సరాలతో కొనే విద్యకు అక్కరలేదా?

ఒక కళాశాల కరపత్రాన్ని ఈ నాలుగు ప్రశ్నలతో చదివి చూస్తే వింత గోచరిస్తుంది. అందులో ఉండేది ప్రయోజనం ఒక్కటే. అదీ ర్యాంకులు, ప్యాకేజీల రూపంలో, కొద్దిమంది ఛాయాచిత్రాలతో. ఫలాపేక్ష లేకుండా కర్మ చేయమని విద్యార్థులకు బోధించే సంస్థలే ఫలాలను కూడలి కూడలిలో హోర్డింగులపై ప్రదర్శించడం కలియుగ వైచిత్ర్యాలలో ఒకటి.

విషయాన్ని గూర్చిన అజ్ఞానం మరింత గాఢం. బైపీసీ అంటే ఎంబీబీఎస్ అనీ, అది రాకపోతే జీవితం వ్యర్థమనీ నమ్మే గృహాలెన్నో. అదే జీవశాస్త్రం వ్యవసాయశాస్త్రానికి, పశువైద్యానికి, ఆయుర్వేదానికి, ఔషధశాస్త్రానికి, నర్సింగుకు, ఫిజియోథెరపీకి, మత్స్యశాస్త్రానికి దారితీస్తుందని పిల్లలకు చెప్పేవారు అరుదు. రొయ్యల సాగులో అగ్రస్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, చెరువుగట్టున పెరిగిన బాలునికి మత్స్యశాస్త్రమనే విద్య ఉన్నదని తెలియకపోవడం ఎవరి లోపం? ఎంపీసీ విషయమూ అంతే. శుద్ధగణితంలో రమించే బుద్ధికి భారతీయ గణాంక సంస్థ, చెన్నై గణితసంస్థ ఉన్నాయి. మూలవిజ్ఞానంపై మక్కువ గలవారికి 2015లో తిరుపతిలో ఆరంభమైన ఐసర్ ఉన్నది. పదవ తరగతితోనే పాలిసెట్ ద్వారా మూడేళ్ల డిప్లొమాలో చేరి, చేతులతో యంత్రాన్ని నేర్చుకుని, ఆ తరువాత ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో ప్రవేశించే మార్గమూ ఉన్నది. అక్షరాభ్యాసానికి శిశువులను బాసరకు తీసుకువెళ్లే దంపతులు ఎందరో. అదే బాసరలో, పదవ తరగతి ప్రతిభ ఆధారంగా గ్రామీణ విద్యార్థులను చేర్చుకుని ఆరేళ్ల సమగ్ర ఇంజనీరింగ్ విద్యనిచ్చే విశ్వవిద్యాలయం ఉన్నదని ఆ శిశువు పెద్దయ్యేనాటికి వారికి తెలిసి ఉంటే మేలు.

హెచ్‌ఈసీ, సీఈసీ అన్న పేర్లు వినగానే ముఖం చిట్లించే అలవాటు విడువదగినది. క్లాట్ వ్రాసి హైదరాబాదులోని నల్సార్ వంటి సంస్థలలో ఐదేళ్ల న్యాయవిద్య అభ్యసించవచ్చు. 2022 నుండి జరుగుతున్న సీయూఈటీ ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో చరిత్ర, అర్థశాస్త్రం, భాషాశాస్త్రం చదువవచ్చు. సంస్కృతంలో అభిరుచి గలవారికి తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం 2020 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదాతో నడుస్తున్నది. భక్తులు ఆలయ గోపురాన్ని చూసి చేతులు జోడిస్తారు. ఆ గోపురాన్ని నిర్మించే విద్యను తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యంలో తిరుపతిలోనే నేర్పుతున్నారని వారిలో ఎందరికి తెలుసు? ఆలయ నిర్మాణం, శిలాశిల్పం, లోహశిల్పం, దారుశిల్పం, కలంకారీ అక్కడి పాఠ్యవిషయాలు. సదా బొమ్మలు చెక్కుతూ, మట్టి పిసుకుతూ గణితంలో వెనుకబడిన పిల్లవాడు ఇంటిలో ఉంటే, అతడు మందబుద్ధి కాకపోవచ్చు.

సంబంధమనగా, ఈ కళాశాల ఆ విద్యను నిజంగా అందించగలదా అన్న ప్రశ్న. ప్రయోగశాల తలుపులు తెరుస్తారా? అధ్యాపకులు ఏటేటా మారిపోతున్నారా? గత సంవత్సరం చేరిన సామాన్య విద్యార్థి, అనగా కరపత్రంలో ఛాయాచిత్రం లేనివాడు, ఏమి చెబుతున్నాడు? ఈ సమాచారం వెబ్‌సైటులో లభించదు. ఒక పూట వెళ్లి కళాశాల ఆవరణలో కూర్చుంటే లభిస్తుంది. కన్యాదానానికి ముందు ఏడు తరాలు విచారించే సమాజం విద్యాప్రవేశానికి ముందు ఒక్క పూట వెచ్చించకపోవడం ఆశ్చర్యకరం.

అధికారి నిరూపణ అన్నిటికంటె కఠినం. మార్కులు అధికారానికి చిహ్నమే కానీ సంపూర్ణ ప్రమాణం కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ఆయన మనస్సు సన్న్యాసంపై నిలిచింది. రామకృష్ణ సంఘంలో చేరదలచాడు. తల్లి సమ్మతించలేదు. మద్రాసులో వైద్యవిద్యలో చేరాడు. ఖాదీ ధరించినందుకు శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి పట్టంతో బయటపడ్డాడు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించాడు. అటుపిమ్మట అమెరికా చేరి, రోగి శయ్యను విడిచి రసాయనశాలను ఆశ్రయించాడు. ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి, ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, బోదకాలుకు మందైన డైఇథైల్‌కార్బమజీన్, క్యాన్సర్ చికిత్సలో ఈనాటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆయన పరిశోధనలతోనూ, ఆయన నడిపిన బృందంతోనూ ముడిపడినవి. ఈ జీవితంలో స్వధర్మం ఏది? సన్న్యాసమా, వైద్యమా, రసాయనశాస్త్రమా? పదిహేనేళ్ల వయస్సులో ఆయనను చూసి నిర్ణయించగల జ్యోతిష్కుడెవరు? మార్గం మధ్యలో మలుపు తిరిగిన ప్రతిసారీ ఆయనకు ఎవరో ఒకరు తోడున్నారు: ఆర్థికంగా ఆదుకున్న మామగారు, అమెరికా యాత్రకు సాయపడిన కాకినాడ ధర్మసంస్థ. తల్లి నిరాకరణ సైతం పరిణామంలో అపకారం కాలేదన్నది నిజం. కానీ ఆమె నిరాకరించినది ఒక్క మార్గాన్నే. ఆయన చేత మరొకదానిని బలవంతంగా వరింపజేసినట్లు ఎక్కడా కనబడదు.

తల్లిదండ్రుల భయాన్ని చులకన చేయరాదు. అర్థం కూడా పురుషార్థమే. రెండెకరాల భూమి తాకట్టు పెట్టి రుసుము కట్టిన తండ్రి ఉద్యోగం గూర్చి ప్రశ్నించడం లోభం కాదు, ధర్మం. పిల్లవాని అభిరుచి ఒక వేసవి మోజు కావచ్చునన్న శంక కూడా సహేతుకమే. ఆ శంకకు సమాధానం నిషేధంలో లేదు, పరీక్షలో ఉన్నది. న్యాయవాది కాదలచిన బాలికను వారం రోజులు ఒక న్యాయవాది వెంట జిల్లా న్యాయస్థానానికి పంపవచ్చు. పశువైద్యం కోరేవానిని గ్రామ పశువైద్యశాలలో ఒక ఉదయం కూర్చోబెట్టవచ్చు. పేడ వాసనకు పారిపోయి వస్తే, అది ఓటమి కాదు. ఐదేళ్ల వ్యర్థప్రయాస తప్పింది.

ఈ విచారణ లేనిచోట ఏమి జరుగుతున్నదో వ్రాయడానికి లేఖిని వెనుకాడుతుంది. 2019లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణత్యాగం చేశారు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ల బాలిక కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు వెలువరించింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హుడైన మనోవైజ్ఞానిక సలహాదారుని నియమించాలన్నది. మార్కులను బట్టి విద్యార్థులను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదన్నది. విద్యార్థులకే కాక తల్లిదండ్రులకు కూడా క్రమబద్ధంగా వృత్తిమార్గ సలహా అందాలన్నది. ఇంటిలో, దేవాలయ మండపంలో పెద్దలు చేయవలసిన పనిని న్యాయస్థానం ఆదేశించవలసి రావడం ధార్మిక సమాజానికి గర్వకారణం కాదు.

గీతలో భగవానుడు సర్వజ్ఞుడు, అర్జునుడు శరణాగతుడు. పదునెనిమిది అధ్యాయాలు ఉపదేశించిన పిమ్మట కూడా ఆయన ఆజ్ఞాపించలేదు. చెప్పినదానిని సమగ్రంగా విమర్శించుకుని ఇష్టానుసారం చేయమని అష్టాదశాధ్యాయం అరువది మూడవ శ్లోకంలో నిర్ణయాన్ని శిష్యునికే విడిచిపెట్టాడు. అసర్వజ్ఞులైన తల్లిదండ్రులు ఎంపీసీ విషయంలో భగవంతుని కంటె ఎక్కువ అధికారం వహించడం ఎట్లా? అట్లని ఆయన ఏమీ చెప్పకుండానే ఇష్టమన్నదీ లేదు. "నీ ఇష్టం, నీవే చూసుకో" అని చేతులు దులుపుకునే ఆధునిక ఉదారత కూడా ఇక్కడ ఆశ్రయం పొందజాలదు. ఉపదేశం ముందు, స్వేచ్ఛ తరువాత.

సత్సంగ మండలులు ఈ దిశగా చేయగలిగినది కొంత ఉన్నది. వేసవిలో గీతా కంఠస్థ పోటీలు నిర్వహించే ప్రతి మండలిలోనూ ఒక నర్సు, ఒక రైతు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒక ఎలక్ట్రీషియన్ సభ్యులుగా ఉంటారు. ఏప్రిల్, మే మాసాలలో ప్రతి ఆదివారం పారాయణానంతరం అరగంట వారిలో ఒకరు తమ వృత్తిని గూర్చి, దానిలోని విసుగుతో సహా, తొమ్మిది పది తరగతుల పిల్లలకు చెబితే చాలు. జీతం ఎంతో కూడా దాచనక్కరలేదు. ప్రశ్నలు పిల్లలే అడగాలి. తల్లిదండ్రులు వెనుక వరుసలో కూర్చోవాలి.

ఇప్పటికే అన్యమార్గంలో చేరినవారి మాట మిగిలింది. ఇంటర్మీడియెట్ గ్రూపు జన్మాంతర బంధం కాదు. ఎంపీసీ, బైపీసీ చదివినవారు సైతం క్లాట్ వ్రాయవచ్చు, డిగ్రీలో చరిత్రనో సాహిత్యాన్నో తీసుకోవచ్చు. రెండవ సంవత్సరం పరీక్షలు వ్రాస్తున్న బిడ్డకు ఈ సంగతి చెప్పవలసినది ఫలితాలు వచ్చిన రోజున కాదు, వాటికి ముందు, ఇంటిలో అందరూ భోజనానికి కూర్చున్న వేళ.