కంప్యూటరుకు తెలుగు రాదా? మనకు చదివే ఓపిక లేదా?



నాగ్‌పాడా కూడలి దాటి కామాఠిపుర గల్లీలలో అడుగుపెడితే నేటికీ తెలుగు మాట చెవిన పడుతుంది. మన తాతముత్తాతలు నిజాం సీమ నుండి కూలికి వచ్చి ఈ నగరపు గోడలెత్తారు. ఆ కామాఠీల పేరే పేటకు నిలిచింది. అక్కడి ఒక చాల్‌లో ఓ తండ్రి నన్నడిగాడు: “సారూ, మా పిల్లగాడు కంప్యూటర్ నేర్వాలె. తెలుగు బడిలో ఏమొస్తది?”

ఆ ప్రశ్నకు బదులీయలేని ఉపాధ్యాయుడు తన బడికి తానే తాళం వేసుకుంటున్నాడని నా అభియోగం. ముంబయి మహానగర పాలిక నడిపే బడులలో తెలుగు మాధ్యమమూ ఒకటి. తల్లిదండ్రుల నమ్మకం పోయిననాడు అది మిగలదు.

“కంప్యూటరు ఇంగ్లీషువారి సొత్తు” అన్నది సోమరుల మాట. 1990ల తొలినాళ్ళలోనే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు రోమను అక్షరాలతో తెలుగు వ్రాసే పద్ధతిని రూపొందించారు. “ఈమాట” పత్రిక 1998లో అంతర్జాలంలో వెలువడింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఆంధ్రభారతిలో మన నిఘంటువులు వెదకి చూసుకోవచ్చు. వీటిలో మీరు ఎన్ని తెరిచి చూశారు?

ఒక్క ఉదాహరణ చాలు. “మొత్తం” అన్న మాటలో ఎన్ని అక్షరాలని పిల్లవాణ్ణి అడగండి, రెండంటాడు. అదే మాటను పైథాన్ భాషలో లెక్కింపజేయండి, ఆరంటుంది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. యూనికోడ్ పట్టికలో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలను చదివితే గుట్టు తెలుస్తుంది: మ, ఒత్వం, త, పొల్లు, త, సున్న. యంత్రం గుర్తులను లెక్కించింది. పిల్లవాడు అక్షరాలను లెక్కించాడు. యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు మూడేసి బైట్లు, వెరసి 18. 160 రోమను అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్సులో తెలుగు గుర్తులు 70 మాత్రమే పట్టడానికీ మూలం ఈ సంకేత భేదమే.

ఇక ఆ ఆరింటిని తిరిగి రెండుగా కూర్చడమెలా? సంయుక్తాక్షరానికి ముందున్నది గురువనీ, సున్న కూడినది గురువనీ ఛందస్సు చెప్పే మనకంటె ఆ సూత్రాలు ఎవరికి బాగా తెలుసు? పరిశోధకునికి మన వ్యాకరణం కావాలి, మనకు అతని యంత్రం కావాలి. 2008లో వచ్చిన పైథాన్ 3లో చలరాశికి “మొత్తం” అని తెలుగులోనే పేరు పెట్టవచ్చు. ఈ పాఠానికి ఒక్క కంప్యూటరు, ఒక్క గంట చాలు.

ఇంగ్లీషు వద్దనడం లేదు. ఈ శాస్త్రపు గ్రంథాలలో అధికభాగం ఆ భాషలోనే ఉన్నవి. పిల్లలు దానినీ నేర్వవలసిందే. అయితే భావం తొలుత తనకు తెలిసిన మాటలో అందిన పిల్లవాడు ఆ గ్రంథం తెరిచిననాడు బెదరడు. నోరు తిరగని సంస్కృత సమాసాలతో పారిభాషిక పదాలల్లి పిల్లలను బెదరగొట్టే పండితులకూ నా మనవి ఇదే: “బైటు” అనండి, అర్థం తెలుగులో చెప్పండి.

కనుక వారానికొక గంట చదవండి. చదివినది నలుగురికీ తెలిసే తెలుగులో పుటెడు వ్రాసి తోటి ఉపాధ్యాయులకు పంచండి. ఆ తండ్రి మళ్ళీ అడిగితే, నోటిమాట కాదు, అతని కొడుకు వ్రాసిన ప్రోగ్రాము చూపుదాం.