మద్దతు ధర ప్రకటిస్తే చాలా? నెల్లూరు పుట్టి, వనామీ కౌంట్ చెప్పే లెక్క ఇదీ..

పోటీ పరీక్షల ఎకానమీ సిలబస్‌లో కనీస మద్దతు ధర, అంటే ఎంఎస్‌పీ, తరచూ కనిపించే టాపిక్. సిఫార్సు చేసేది సీఏసీపీ. ఆమోదించేది ప్రధాని నేతృత్వంలోని ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ. మద్దతు ధర వర్తించేది 22 పంటలకు, చెరకుకు మాత్రం విడిగా ఎఫ్‌ఆర్‌పీ. ఇక్కడితో నోట్స్ అయిపోతుంది. నెల్లూరు తీరంలో అసలు కథ మొదలయ్యేది కూడా ఇక్కడే.

విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, అల్లూరు మండలాల్లో వరి పొలాలు, రొయ్యల గుంటలు పక్కపక్కనే కనిపిస్తాయి. గట్టుకు ఇవతల పండే పంటకు కేంద్రం ఏటా ధర ప్రకటిస్తుంది. అవతలి గుంటలో పెరిగే వనామీకి అలాంటి ధర ఏదీ లేదు. అయినా 2025లో ధర ముందుకొచ్చేసరికి ఇద్దరు రైతులదీ దాదాపు ఒకే ప్రశ్న. చెప్పిన రేటుకు కొనేదెవరు?

క్వింటా కాదు.. పుట్టి

2025-26 సీజన్‌కు సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాకు రూ.2,369. గ్రేడ్-ఎ రకానికి రూ.2,389. 2025 మే 28న కేంద్ర కేబినెట్ ఈ ధరలను ఆమోదించింది. ఇందులో సాగు ఖర్చు కింద చూపించిన మొత్తం రూ.1,579. దానికి ఒకటిన్నర రెట్లు లెక్కిస్తే మద్దతు ధర వస్తుంది. ఈ ఖర్చును 'ఏ2 ప్లస్ ఎఫ్ఎల్' అంటారు. అంటే రైతు చేతి నుంచి పెట్టిన ఖర్చు, దానికి తోడు ఇంటిల్లిపాదీ చేసిన పని విలువ. కౌలు కట్టి ఉంటే అదీ ఇందులోకే వస్తుంది. సొంత భూమికి రావాల్సిన అద్దె, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే అది 'సీ2' ఖర్చు. ఒకటిన్నర రెట్లు దీని మీద లెక్కించాలన్నదే రైతు సంఘాల పాత డిమాండ్. పరీక్షల్లో తికమక పెట్టే పాయింట్లలో ఇదొకటి.

నెల్లూరు రైతు మాత్రం క్వింటాలో మాట్లాడడు. ఇక్కడ ధాన్యం లెక్క పుట్టిలో ఉంటుంది. పుట్టి అంటే 850 కిలోలు. రూ.2,369 చొప్పున పుట్టికి రావాల్సింది రూ.20,136.50.

అసలు చిక్కు తూకం దగ్గర వస్తుంది. తేమ ఎక్కువుందనో, తాలు ఉందనో 850కి బదులు 900 కిలోలు తూకం వేసి పుట్టి డబ్బులే ఇచ్చారనుకుందాం. రేటు మారలేదు, కాగితం మీద మద్దతు ధర చెక్కుచెదరలేదు. కానీ రూ.20,136.50ను 900 కిలోలకు పంచితే క్వింటాకు పడేది రూ.2,237 మాత్రమే. ఒక్కో పుట్టి మీద పోయేది రూ.1,184.50. ఎకరాకు మూడు పుట్లు పండితే రూ.3,550 పైనే పోయినట్టు. అందుకే నెల్లూరులో ధర ఎంత అనే మాటతో పాటు పుట్టికి ఎన్ని కిలోలు అనే మాట కూడా నలుగుతూ ఉంటుంది.

నిబంధనల ప్రకారం వరి ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. యంత్రంతో కోసిన ధాన్యం పొలం నుంచి పచ్చిగానే వస్తుంది. ఆరబెట్టాలంటే కళ్లం కావాలి, ఎండ కావాలి, కూలీ కావాలి. ఇవేవీ లేని రైతు గట్టు మీదే అమ్మేస్తాడు. వ్యాపారి చెప్పిందే రేటు.

ఎడగారు ఏ సీజన్ కిందికి వస్తుంది?

పుస్తకంలో ప్రధానంగా రెండు సీజన్లు. జూన్‌లో మొదలయ్యేది ఖరీఫ్, అక్టోబర్ తర్వాతది రబీ. నెల్లూరు ఈ గళ్లలో ఇమడదు. ఈ జిల్లాకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వస్తుంది. అందుకే ఇక్కడ ప్రధాన పంట రబీదే. కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఆ తర్వాత సోమశిలలో నీళ్లుంటే పెన్నా డెల్టాలో ఇంకో పంట వేస్తారు. దాన్నే ఎడగారు అంటారు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో కోతకొస్తుంది. అదీ వానల సమయమే. తేమ సమస్య రెట్టింపు.

ఇంకో మెలిక ఉంది. కేంద్రం లెక్కలో ఖరీఫ్ మార్కెటింగ్ సీజన్ అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30న ముగుస్తుంది. మే నెలలో కొత్త మద్దతు ధర ప్రకటించినా, 2025 సెప్టెంబర్‌లో అమ్మిన ఎడగారు ధాన్యానికి లెక్క ప్రకారం వర్తించేది పాత ధరే, అంటే రూ.2,300. పుట్టికి రూ.19,550. కొనుగోలు కేంద్రాల ఏర్పాట్లు కూడా ప్రధానంగా ఖరీఫ్, రబీ దిగుబడుల చుట్టూనే తిరుగుతాయి. ఎడగారు ఆ రెండింటి మధ్య సందులో పడుతుంది.

ఇక్కడే ఆర్థిక శాస్త్రంలోని 'కనిష్ఠ ధర' సూత్రం అర్థమవుతుంది. మార్కెట్ రేటు ఆ ధర కంటే కిందకు పోకుండా ఉండాలంటే, ఆ ధరకు సరుకు ఎత్తే కొనుగోలుదారు ఒకరు ఉండాలి. చెరకు ఎఫ్‌ఆర్‌పీకి 1966 నాటి నియంత్రణ ఉత్తర్వు అండగా ఉంది. ఎంఎస్‌పీకి అలాంటి చట్టబద్ధత లేదు. ప్రభుత్వ సంస్థలు ఎంత కొంటే అంత మేరకే అది నిజమైన ధర. దేశంలో 6 శాతం రైతులే మద్దతు ధరకు సేకరణ సంస్థలకు అమ్ముకోగలుగుతున్నారని 2015లో శాంతకుమార్ కమిటీ చెప్పింది. ఎఫ్‌సీఐ పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన కమిటీ అది.

గుంట పక్క కథ

రొయ్య ఈ 22 పంటల జాబితాలో లేదు. గోదాముల్లో నిల్వ పెట్టే సరుకూ కాదు. దాని ధర కౌంట్ మీద ఉంటుంది. 100 కౌంట్ అంటే కిలోకు 100 రొయ్యలు, ఒక్కోటి సుమారు 10 గ్రాములు. 30 కౌంట్ అంటే ఒక్కోటి 33 గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ.

1990ల్లో నెల్లూరు తీరం టైగర్ రొయ్యతో వెలిగింది. ఆ దశాబ్దం మధ్యలో వైట్ స్పాట్ వైరస్ గుంటలను ఊడ్చేసింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై ఆంక్షల తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీకి అనుమతి దొరికాక సాగు మళ్లీ లేచింది. 2024-25లో దేశ సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు రూ.62,408 కోట్లు. అందులో పెద్ద వాటా గడ్డకట్టించిన రొయ్యదే, పెద్ద కస్టమర్ అమెరికానే.

ఆ కస్టమర్ 2025 ఆగస్టు 7న భారత సరుకుపై 25 శాతం సుంకం వేసింది. ఆగస్టు 27న ఇంకో 25 శాతం కలిపింది. మొత్తం 50 శాతం. రొయ్య మీద యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దీనికి అదనం. అప్పట్లో పోటీదారు ఈక్వెడార్‌పై సుంకం 15 శాతమే. ఈ అంకెలు తర్వాత మారుతూ వచ్చాయి కాబట్టి అభ్యర్థులు పరీక్ష నాటికి తాజా రేటు చూసుకోవాలి.

సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారు. మరి ఇందుకూరుపేట గుంట దగ్గర రేటు ఎందుకు పడింది? జవాబు 'వ్యాకోచత్వం'లో ఉంది. పన్ను ఎవరి చేత్తో కట్టినా, తప్పించుకునే దారి లేనివాడి మీదే భారం ఎక్కువ పడుతుంది. దిగుమతిదారు ఈక్వెడార్ వైపు తిరగొచ్చు. ఎగుమతిదారు కొన్నాళ్లు కోల్డ్ స్టోరేజీలో దాచుకోవచ్చు. రైతుకు ఆ రెండూ లేవు. రోజూ మేత వేయాలి, ఏరియేటర్లకు కరెంటు కావాలి, ఏ రాత్రి వైరస్ వస్తుందో తెలియదు. రేటు పెరిగేదాకా ఆగుదామంటే ఖర్చు ఆగదు. అమెరికాకు పోయేది ఎక్కువగా పెద్ద కౌంట్ సరుకు కావడంతో, ఇంకా కొన్ని వారాలు పెంచి 30 కౌంట్ తీద్దామనుకున్న రైతు లెక్క ముందు తప్పింది.

ఇలాంటి ప్రతిసారీ రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులను, మేత కంపెనీలను పిలిచి కౌంట్ల వారీగా రేట్లు చెబుతుంది. ఆ రేట్లకు కొనాల్సింది మాత్రం ప్రైవేటు కంపెనీలే. వరికి కనీసం అడగడానికి ఒక కొనుగోలు కేంద్రం, ఒక ఎఫ్‌సీఐ ఉన్నాయి. గుంట దగ్గరకు వచ్చేది ఏజెంటే, ఆ ఉదయం అతను చెప్పిందే రేటు.